మాంచెస్టర్‌కు ఇరవై రెండు నిమిషాలు

"మార్ల్‌ఫీల్డ్ నుంచి మాంచెస్టర్ నడిబొడ్డుకు ట్రామ్‌లో ఇరవై రెండు నిమిషాలు." మా ఊళ్ళో కొత్తగా దిగినవాళ్ళకు పంచే కరపత్రంలో మొదటి వాక్యం ఇదే. ఊరి గురించి చెప్పమంటే, ఊరు వదిలి ఎంత త్వరగా పోవచ్చో ముందు చెబుతాం. ఆ వాక్యం రాసిన డోరీన్ కెర్షా మాత్రం ఇరవై ఏడేళ్ళుగా ఎక్కడికీ పోలేదు.

ముప్పై నాలుగేళ్ళు ఈ వీధుల్లో ఉత్తరాలు పంచినవాణ్ణి నేను. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ గేటు గడియ పడదో నాకు తెలుసు. కరపత్రంలో లేనివి కూడా తెలుసు. మావన్నీ జంట ఇళ్ళు, రెండింటికీ ఒకటే మధ్యగోడ. పక్కవాళ్ళు దగ్గితే మనకు వినిపిస్తుంది, అయినా వినపడనట్టే ఉంటాం. పొద్దున ఎనిమిదికి సగం ఊరు ట్రామ్ ఎక్కేస్తుంది, సాయంత్రం ఆరుకు ఈసురోమంటూ దిగుతుంది. పగలు ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళు, పిల్లులు, డోరీన్. ఊరి పనులన్నీ ఆమె నెత్తిన పడ్డాయంటే పడవూ మరి!

పడిన తీరు కూడా చెప్పాలి. అప్పట్లో ఊరి సంఘానికి కార్యదర్శిగా ఉన్నాయన మెట్ల మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ వారం సమావేశానికి డోరీన్ వచ్చింది టీ పోయడానికి. అధ్యక్షుడు క్లిఫర్డ్ కప్పు అందుకుంటూ, "ఎవరైనా దొరికేదాకా నువ్వు చూస్తావా, తల్లీ?" అన్నాడు. "సరేలెండి, దొరికేదాకా" అంది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి.

చర్చి హాలు తాళాలు, జూన్‌లో ఊరి పిల్లకు కిరీటం పెట్టి తిప్పే గులాబీ రాణి ఊరేగింపు, దీపస్తంభాలకు వేలాడే పూలబుట్టలు, ఎవరి చెట్టు కొమ్మ ఎవరి దొడ్లోకి వచ్చిందన్న తగాదా, తప్పిపోయిన పిల్లి, అన్నీ ఆమె గుమ్మానికే వచ్చేవి. రొట్టెల దుకాణం దగ్గర వరుసలో నిలబడితే చాలు, "డోరీన్, ఒక్క మాట" అని వెనకనుంచి ఎవరో భుజం తట్టేవాళ్ళు. ఒకసారి పళ్ళ డాక్టరు ఆమె నోట్లో అద్దం పెట్టి చూస్తూ, తన వీధికి చెత్తబండి రాలేదని మొరపెట్టుకున్నాడట.

"నోరు తెరిపించి కూర్చోబెట్టాక కాదనేదెలా, నార్మన్?" అని నాతో అంది.

నేను పడీ పడీ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె చెల్లెలు ఏవ్రిల్ లాండుడ్నోలో సముద్రం ఒడ్డున ఉంటుంది. భర్త పోయాక మేడ మీది వాటా ఖాళీగా పెట్టుకుని, అక్కను వచ్చెయ్యమని రెండేళ్ళుగా పిలుస్తోంది. ఈ మార్చిలో మాత్రం గట్టిగా చెప్పింది, నెలాఖరులోగా తేల్చకపోతే వేరేవాళ్ళకు అద్దెకిచ్చేస్తానని. డోరీన్ అప్పటికే అక్కడి కిటికీ కొలతలు తెప్పించుకుని నీలం రంగు కర్టెన్లు కుట్టేసుకుంది. ఆ కిటికీలోంచి లేచిన దగ్గర్నుంచీ నీళ్ళే కనిపిస్తాయని, అక్కడ తన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరే ఉంటారని చెప్పి మురిసిపోయింది.

ఊరి సంఘం వార్షిక సమావేశానికి వారం ముందు మా గుమ్మం దగ్గరికొచ్చింది.

"ఈసారి చెప్పేస్తున్నా, నార్మన్. వచ్చే గురువారం వదిలేస్తున్నా."

"ఎప్పుడో చెయ్యాల్సిన పని. శుభం!"

"కాకపోతే ఎవరో ఒకరు ఉండాలి కదా. గాలికొదిలేసి పోతే ఏం బాగుంటుంది?" మా కంచెలోంచి ఒక ఆకు తుంచి నలుపుతూ నిలబడింది. "నీకిప్పుడు కాస్త తీరికే కదా. ఊళ్ళో తెలియని గుమ్మం లేదు నీకు."

"తీరికా నా బొందా! ఈ మోకాలు చూశావా, మొన్న చలికి ఎలా వాచిందో..."

మోకాలి గురించి పది నిమిషాలు వాయించాను. ఆమె ఓపిగ్గా విని, మోకాలికి ఏ మందు రాసుకోవాలో చెప్పి వెళ్ళిపోయింది. మావాళ్ళలో సూటిగా అడగడం మర్యాద కాదు. సూటిగా అడగరు కాబట్టి కాదనాల్సిన ఇబ్బందీ రాదు. నాకు అర్థం కాలేదని మాత్రం అనను.

గురువారం సాయంత్రం హాల్లో ముప్పై ఒక్క మందిమి చేరాం. డోరీన్ లేచి, చేతిలో కాగితం చూసి చదివింది. "నేను ఈ ఏడాదితో ఆపేస్తున్నాను. మా చెల్లెలి దగ్గరికి లాండుడ్నో పోతున్నాను."

ఒకటే చప్పట్లు. "పోవాలి తల్లీ, నువ్వు పోకపోతే ఇంకెవరు పోతారు!" "మమ్మల్ని మర్చిపోకు సుమా!" అందరం మనస్ఫూర్తిగానే అన్నాం.

"మరి డోరీన్ స్థానంలో ఎవరు?" అన్నాడు క్లిఫర్డ్.

ఒకావిడ తనకు ఉద్యోగమంది. ఒకాయన మనవలన్నాడు. తర్వాత టీ నీళ్ళు కాగుతున్న చప్పుడు. ముప్పై మందీ తలలు దించి ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నాం. నా బూటుకు తాడు దూర్చే కన్నాలు ఒక్కో పక్క ఎనిమిదని ఆ రోజే తెలిసింది. చెయ్యెత్తితే సరిపోయేది. సంఘం ఉత్తరాలేమన్నా మోకాలితో రాస్తారా?

ఆ నిశ్శబ్దం మాలో ఎవరూ భరించలేం. ముందుగా ఓడిపోయేది ఎవరో అందరికీ తెలుసు.

"సరేలెండి" అంది డోరీన్. "ఇంకొక్క ఏడాది. అంతే."

ఈసారి చప్పట్లు మరీ గట్టిగా మోగాయి. క్లిఫర్డ్ బల్ల కిందనుంచి పూలగుత్తి తీసి ఇచ్చాడు. దానికి గుచ్చిన కార్డు మీద "మరో ఏడాది సేవకు కృతజ్ఞతలతో" అని ఉంది. పొద్దున దుకాణంలోనే రాయించుకొచ్చాడు. డోరీన్ అది చదివి, మడిచి సంచీలో పెట్టుకుని, ఆయనకు థాంక్స్ చెప్పింది. అందరం వెళ్ళాక కుర్చీలు సర్ది తాళం వేసింది కూడా ఆమే.

నాకు క్లిఫర్డ్ మీద ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు మా ఆవిడ దగ్గర తిట్టిపోశాను. మూడో రోజు ఆమె, "నువ్వేం చేశావట?" అంది. ఆ తర్వాత తిట్టలేదు.

ఏప్రిల్‌లో ఏవ్రిల్ ఆ వాటా ఎవరో దంపతులకు ఇచ్చేసింది. నీలం కర్టెన్లు డోరీన్ ఇంటి ముందుగది కిటికీకే వేలాడుతున్నాయి. మూరెడు పొడుగై నేల మీద పోగుపడి ఉంటాయి. కత్తిరించి కుట్టుకోవచ్చు, ఎందుకో కుట్టుకోలేదు.

మే నెలలో డోరీన్ కొత్త కరపత్రం మా తలుపు సందులో వేస్తుంటే తలుపు తీశాను. మొదటి వాక్యం మారలేదు. ఏదో ఒకటి అనాలి కదా.

"ఒక్క మాట అడిగి ఉంటే నేను తీసుకునేవాణ్ణి, డోరీన్."

ఆమె సంచీలోంచి పక్కింటి కరపత్రం తీసుకుంది.

"అడిగాను, నార్మన్" అని, పక్కింటి గేటు వైపు వెళ్ళింది.