ఆఖరికి దాచుకున్న ప్రశ్న

హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో ఎమ్మారై స్కాన్‌లు తీయడం నా ఉద్యోగం. చేతులతో పాటు నా నోరూ పనిచేస్తుంది. వచ్చిన ప్రతి పేషెంటునూ ఏం పని చేస్తారు, ఎలా చేస్తారు అని అడగందే నాకు తోచదు. "నీకు మెషిన్ దేనికి? నీ ప్రశ్నలకే మనిషి లోపలున్నదంతా బయటికొచ్చేస్తుంది," అని మావారు ఎగతాళి చేస్తుంటారు.

ఒక మధ్యాహ్నం ముప్పై దాటిన బేస్‌బాల్ ఆటగాడు వచ్చాడు. బంతి విసిరే పిచర్. అదే అతని బతుకుతెరువు. కుడి మోచేయి పూర్తిగా చాపలేకపోతున్నాడు. లోపల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటుకు ఇదివరకే ఒకసారి సర్జరీ అయిందట. మళ్ళీ తెగి ఉంటే ఇక ఆట మానుకోవాల్సిందేనని డాక్టర్ చెప్పారట. ఆ సంగతి చాలా మామూలుగా చెప్పాడు.

నాకు తెలిసింది క్రికెట్టే. మా బౌలర్లు అంత దూరం నుంచి పరిగెత్తుకొస్తారు కదా, మీరు నిలబడ్డచోటి నుంచే అంత వేగం ఎలా తెస్తారని అడిగాను. కాళ్ళలోంచి, నడుములోంచి వస్తుందని, చెయ్యి ఆఖరున అందుకుంటుందని చెప్పాడు. మరి దెబ్బ మాత్రం చేతికే తగులుతుందేం అన్నాను. నవ్వాడు.

మెషిన్‌లో ఇబ్బందిగా ఉంటే నొక్కమని పేషెంటుకు ఒక రబ్బరు బంతి ఇస్తాం. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఇలాగైతే తిన్నగా వెళ్తుంది, వేలు ఇటు జరిపితే బ్యాట్ దగ్గర కిందికి జారిపోతుందని చూపించాడు. నేనూ పట్టి చూశాను. స్కాన్ మధ్యలో ఆగినప్పుడల్లా మైకులోనూ అడుగుతూనే ఉన్నాను. బ్యాటర్ మీ వేళ్ళు చూసేయడా అంటే, గ్లవ్‌లో దాచుకుంటామన్నాడు.

ఇంతలో తెర మీద బొమ్మ వచ్చింది. నల్లటి గీతలా ఉండాల్సిన లిగమెంటు మధ్యలో తెల్లగా తెగి ఉంది. ఏం చూసినా మేం చెప్పకూడదు. చెప్పాల్సింది డాక్టరే. స్కాన్ అయ్యాక మెషిన్ గదిలోకి వెళ్ళి, చెయ్యి కదలకుండా కట్టిన పట్టీలు విప్పడం మొదలుపెట్టాను.

"ఇందాకటిదాకా ఊపిరి తీసుకోనివ్వకుండా అడిగారు," అన్నాడతను. "ఇప్పుడేం అడగట్లేదు."

రిపోర్టు డాక్టర్ చెబుతారన్నాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. నాది పూర్తి అంగీకారమే అయింది. అతను ఆ రబ్బరు బంతిని ఎడమచేత్తో నా అరచేతిలో పెట్టి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఇప్పటికీ పేషెంట్లను ప్రశ్నలతో వేధిస్తూనే ఉన్నాను. కానీ ఒక్కటి మాత్రం ముందే అనుకుని, ఆఖరికి దాచుకుంటాను. తెర మీద ఏం కనిపించినా సరే, పట్టీలు విప్పుతూ అది అడుగుతాను.