చెంపకు ఆనించి చూసిన బొంత

అశ్వత్థమ్మగారు దివంగతులయ్యారన్న వార్త ఫోనులో వచ్చినప్పుడు నేను హిందూపురంలో మా వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. "సరే, వస్తా" అని ఫోను పెట్టేసి, మిగిలిన బియ్యం కూడా కడిగాను. ఏడుపు రాలేదు. మా అమ్మాయి చిన్ననాటి బొంతను ఎందుకో సంచిలో పెట్టుకుని పెనుకొండ బస్సెక్కాను. బస్సులోనూ రాలేదు.

పెనుకొండలో మా అత్తగారి వీధిలో ఎవరింట్లో కాన్పు దగ్గర పడినా, పాత చీరలు అశ్వత్థమ్మగారి అరుగు మీదికి చేరేవి. వాటిని పొరలుగా పేర్చి బొంత కుట్టడం కొత్త కోడళ్లకు ఆమే నేర్పేవారు. అది విద్యాదానమని ఒకసారి నేనంటే నవ్వారు.

"దానమేంది పాపా, నాకు కండ్లు ఆనవు. మీతో కుట్టించుకుంటాండా, అంతే."

తొంభైలలో నేను ధర్మవరం నేత ఇంటి నుంచి ఆ వీధికి కోడలిగా వచ్చాను. కడుపుతో ఉండగా ఆమె దగ్గర కూర్చున్నాను. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకురావాలన్నది ఆమె తొలి పాఠం. నా కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆమె విసుక్కోలేదు.

మా పుట్టింట్లో జరీ పారేయడం ఎరుగం. చిరిగిన పట్టుచీర అంచు కత్తిరించి, బిడ్డ ముఖం దగ్గరికి వచ్చేలా కుట్టి, గొప్పగా చూపించాను. ఆమె బొంతనెత్తి చెంపకు ఆనించుకున్నారు.

"ఇది బిడ్డకు కప్పేదానికా, పెండ్లిపందిట్లో పరిచేదానికా?"

"బాగుండాది కదత్తా."

"నీ చెంప పెట్టి చూడు. ఈడ గుచ్చుకుంటాండాది. మాట రానోళ్లకు కుట్టేటప్పుడు మన చెంపను అడగల్ల."

జరీ విప్పించి, ఆ చోట వేయడానికి మెత్తబడిన తన నూలుచీర చింపి ఇచ్చారు. మా అమ్మాయి ఆ బొంతలోనే పెరిగింది.

నేను వెళ్లేసరికి ఆమె పార్థివదేహానికి పుట్టింటివారు తెచ్చిన కొత్త పట్టుచీర గడ్డం దాకా కప్పి ఉంది. జరీ అంచు చెంపకు ఒరుసుకుంటోంది. నేను దాన్ని కిందికి మడుస్తుంటే, పక్కనున్న పెద్దాయన మెల్లగా అన్నాడు.

"ఆయమ్మకు ఇంకేం తెలుస్తాదిలే పాపా."

నిజమే. ఆమెకిక మాట రాదు. నేను సంచిలోంచి బొంత తీసి, ఆమె నూలుచీర ఉన్న వైపు ముందు నా చెంపకు ఆనించి చూశాను. ఎక్కడా గుచ్చుకోలేదు. అప్పుడు ఆమె చెంప పక్కన సర్దాను.

నాకు కుట్టు నేర్పిన ఆ గురువుకు నేను సమర్పించగలిగిన అంజలి అంతే. ఇక నా కుట్టును చెంపకు ఆనించుకుని, ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పేవారు లేరు.