నైసులా అవ్వ ముక్కు

ఎవరి గుడిసెలోకి వెళ్ళినా నైసులా అవ్వ ముందు మనుషుల్ని పలకరించదు. కొయ్య దుత్త మూత తీసి వాసన చూస్తుంది. పాలు పోసే ముందు దుత్త లోపల నిప్పుకర్రతో రుద్ది పొగ పట్టించడం సంబురు తెగ ఆడవాళ్ళందరికీ వచ్చిన పనే. అవ్వ లెక్కలో మాత్రం అది అవ్వ ఒక్కదానికే వచ్చు.

పెళ్ళికి పిలిచినా అంతే. "ఇది ఒలీవ కర్ర పొగ కాదు. ఎవరో తుమ్మ కాల్చారు," అని పెళ్ళికూతురి తల్లి మొహం మీదే అనేసింది.

"తాగి చెప్పు పిన్నీ," అందావిడ.

"చెప్పడానికి ముక్కు చాలు. తాగడానికి ధైర్యం కావాలి," అంటూనే అంతా తాగేసి, ఇంకాస్త పొయ్యమంది.

అలాంటి ముక్కు ఆ కరువు ఎండల్లో రిపారో గుడిసెకు వచ్చింది. రిపారో మొగుడు మందను తోలుకుని దూరపు కొండలకు పోయాడు. ఇంటి దగ్గర వదిలిన ఒక్క ఆవూ వట్టిపోయింది. చంకలో ఏడాది పిల్లాడు. అయినా ఎవరడిగినా "మాకు పాలు బోలెడున్నాయి" అంటుందే తప్ప చెయ్యి చాచదు.

అవ్వ మూత తీసింది. వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఛీ, ఇదేం పొగే? మీ అమ్మ ఏం నేర్పింది నీకు?" అని ఇరుగుపొరుగు వినేలా తిట్టి, దుత్త చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం తెచ్చిచ్చింది. నిండా పాలు.

"ఇవేంటవ్వా?"

"పొగ పట్టిందో లేదో పాలు పోస్తేనే కదే తెలిసేది? మళ్ళీ మోసుకెళ్ళే ఓపిక నాకు లేదు. మీరే తాగెయ్యండి."

మర్నాడొచ్చి "ఇంకా కంపే" అంది. ఇక రోజూ అదే తిట్టు, అదే నిండు దుత్త. పాపం, పొగ పెట్టడం రాని పిల్ల అని పక్కవాళ్ళు జాలిపడ్డారు. రిపారోకు మాత్రం మెల్లగా తెలిసొచ్చింది. పాలు పడక ఎండిన కొయ్య వాసనను ఆ ముక్కు మొదటిరోజే పట్టేసింది. అప్పట్నుంచి అవ్వ తిట్టినప్పుడల్లా ఆమె మనసులో దణ్ణం పెట్టుకునేది.

ఒకరోజు అవ్వ రాలేదు. మోకాళ్ళు పట్టేశాయట. పొద్దెక్కేసరికి పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. రిపారో గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పిల్లాడి గొంతు బొంగురుపోయింది. ఇక ఆగలేక దుత్త తీసుకుని, అందరూ చూస్తుండగానే అవ్వ గుడిసెకు నడిచింది.

"అవ్వా, నా దుత్త కంపు కొడుతోంది. కాస్త బాగుచేసి పెట్టవా?"

అవ్వ దుత్త అందుకుని మూత తీసింది. ముక్కు దగ్గరికైనా తీసుకెళ్ళకుండా మేకపాలు అంచుదాకా పోసింది.

"వాసన చూడవేం అవ్వా?"

"జలుబు చేసిందే తల్లీ," అంది అవ్వ. "రేపటికీ తగ్గేలా లేదు. నువ్వే తెచ్చెయ్."