ఇరవై ఆరు బారల తాడు

మా అన్నయ్య భుజాన చొక్కా లేకుండా చూసినవాళ్ళున్నారేమో గానీ, తాడు లేకుండా చూసినవాళ్ళు మా వీధిలో లేరు. బోరు మోటార్లు బాగుచేయడం ఆయన పని. అందరూ పైపుల డాక్టరంటారు. వైరు కాలిందన్నా, స్విచ్చు పోయిందన్నా, వెళ్ళగానే సంచి విప్పడు. ముందు పైపు పక్క సందులోంచి తాడు వదులుతాడు. దాని కొసన ఒక ఇనప నట్టు, రెండు చేతులూ చాపినంత బారకో ముడి. నట్టు నీళ్ళకు తగిలి టుప్పుమన్నాక ఎన్ని ముడులు దిగాయో లెక్క చూసి, “జ్వరం ఇంత ఉందండీ” అంటాడు. నీళ్ళు కిందికి పోయి ఉంటే ఆయన మందు ఒకటే, ఇంకో పైపు తగిలించి మోటారుని కిందికి దించడం. “ఒక్క పైపు దించితే సరి.”

పని నేర్చుకున్న కొత్తలో ఆ తాడు ఏడు బారల జనపతాడు. అది చాలక నీలం నైలాను తాడు కలిపాడు. తరవాత ఆకుపచ్చది. ఆ తరవాత నేను బట్టలారేసుకునే పసుపుతాడు చెప్పాపెట్టకుండా విప్పుకుపోయాడు. నేను ఒంటికాలి మీద లేచి, “నీ పైత్యం తగలెయ్య, నా తడిబట్టలు నీ నెత్తిన ఆరెయ్యనా?” అని అరిస్తే, నవ్వుతూ ముడులు వేసుకుంటూ కూర్చున్నాడు. అప్పటికి తాడు ఇరవై ఆరు బారలు. నీళ్ళు కిందికి పోతున్నాయన్న సంగతి ఆ రంగులు చూస్తేనే తెలిసేది. మేమెవరం చూడలేదు, అంతే.

మా అమ్మానాన్నల ఇంటిని గోడ పెట్టి ఇద్దరం పంచుకున్నాం. అటు సగం అన్నయ్యది, అందులో బోరు. ఇటు సగం నాది, ఇందులో అయిదు బారల పాత బావి. మా ఆయన పోయాక నన్నూ నా కూతుర్నీ నిలబెట్టింది ఆ బావే. నల్ల సంచుల్లో రెండు వేల మొక్కలు పెంచి అమ్ముతాను. వీధిలో బోర్లన్నీ దిగిపోతున్నా నా బావిలో ఎండాకాలంలోనూ మూడు బారలకే నీళ్ళు కనిపించేవి. అన్నయ్యకి అదంటే ఎంత గర్వమో! పైపు దించుకోవడానికి జంకేవాళ్ళను నా పెరట్లోకి తీసుకొచ్చి మరీ చూపించేవాడు.

“చూడండి, మా చెల్లి బావి. నిండుకుండలా లేదూ? భూమిలో నీళ్ళకేం ఢోకా లేదండీ. కాస్త లోతుకి పోవాలి, అంతే.”

ఒక్కసారైనా ఆ బావిలో తాడు వెయ్యలేదు. వెయ్యమంటే, “ఇంట్లోవాళ్ళకి జ్వరం చూస్తామా ఏంటే?” అనేవాడు. వీధిలో ఎవరి పనికైనా ముందు తాడు వదిలే మనిషి, సొంత చెల్లి బావి దగ్గర మాత్రం కళ్ళతో చూసి ఊరుకున్నాడు. ఆ నమ్మకంతోనే ముప్ఫై ఇళ్ళకి పైపులు దించాడు. వాళ్ళు వాకిళ్ళన్నీ సిమెంటు చేసుకున్నారు. నేనూ చేయించాను, బురద లేకుండా ఉంటుందని.

పోయిన ఎండాకాలం వీధి కుళాయిల్లో ధార సన్నబడింది. ఎక్కడో పెద్ద పైపు కారుతోందన్నారు. అన్నయ్య తెల్లవారుజామున రోడ్డు మీద ఇనప కడ్డీ ఆనించి, దానికి చెవి పెట్టి, అడుగడుగునా వింటూ వచ్చి మా గోడ పక్కన ఆగాడు. తవ్వితే అక్కడే పాత పైపు అతుకు విడిపోయి ఉంది. ఎన్నేళ్ళనుంచి కారుతోందో ఏమో! పట్టీ వేసి బిగించాడు. వీధంతా శభాష్ అంది. నేను కూడా మురిసిపోయి అందరికీ టీ ఇచ్చాను.

తొమ్మిదో రోజు నా బకెట్ బావి అడుగున బురదకు తగిలింది.

అన్నయ్యని పిలిచాను. గట్టు మీద నుంచి తొంగిచూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. తల ఎత్తకుండానే చెప్పాడు.

“ఇన్నేళ్ళూ నువ్వు తోడింది ఆ పైపు కారిన నీళ్ళే చెల్లీ. మన నేలలో పై నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. నేనేమో దీన్ని చూపించి అందరి చేతా దింపించాను.”

“అదంతా తరవాత. నా మొక్కల సంగతేంటి? వీధి కుళాయి నీళ్ళు తాగడానికే సరి. నాకూ ఒక బోరు వేయించు.”

“వేయించను.”

ఎవరికీ కాదనని మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. “ఊరందరికీ దేవుడివి, నాకు మాత్రం మొండిచెయ్యా?” అని కడిగేశాను.

“అది కాదే. ఈమధ్య దించిన బోర్లలో వెచ్చటి నీళ్ళు వస్తున్నాయి, చూశావా? అంత అడుగునుంచి వస్తున్నాయన్నమాట. అవి ఎప్పటి వానలో! మన తాత ముత్తాతలు కూడా చూసి ఉండరు. తోడుకోవడమే గానీ మళ్ళీ పొయ్యడం ఎక్కడుంది? పడిన వాన పడినట్టు సిమెంటు మీద నుంచి కాలవలోకి పోతోంది. నువ్వు వేస్తే పక్కవాళ్ళది ఎండుతుంది. వాళ్ళు నన్నే పిలుస్తారు.”

నేను చెవిన పెట్టలేదు. సగం మొక్కలు వాడి తలలు వేలాడేశాయి. ఆయన ఊళ్ళో లేని రోజు చూసి, పక్క వీధి నుంచి బండి పిలిపించి బోరు వేయించాను. నీళ్ళు పడ్డాయి. చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నాయి. మొక్కలు తేరుకున్నాయి. అన్నయ్య తిరిగొచ్చి గోడ అవతల నుంచి చూశాడు.

పదకొండో రోజు ఆయన బోరు గాలి కక్కింది. తాడు వదిలాడు. ఇరవై ఆరు బారలూ దిగినా టుప్పు లేదు.

మా వదిన గొంతు గోడ దాటి వినిపించింది. “వీధందరి మోటార్లూ దించిన మహానుభావుడికి, సొంత మోటారు దించడానికి చేతులు రావట!”

మర్నాడు పొద్దున్నే అన్నయ్య రెండు బకెట్లు పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. నా బోరు కుళాయికి మొక్కలకు పోసే గొట్టం తగిలించి ఉంది. అది అయ్యేదాకా ఆగుతానన్నట్టు ఓ పక్కన ఒదిగి నించున్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నన్ను చేయి పట్టి నడిపించిన అన్నయ్య నా దగ్గర నీళ్ళకి వరసలో నిలబడ్డాడు!

“నా వల్లే కదూ?” అన్నాను. ఏడుపు ఆగలేదు.

“నీ వల్లా, నా వల్లా. ముందు నా వల్ల.”

“ఒక్క పైపు దించుకో అన్నయ్యా. నీకెంత పని?”

“దించితే నీది ఆగుతుంది. అప్పుడు నువ్వు దించమంటావు. నాకు తెలుసు కదే నీ సంగతి.” నవ్వబోయాడు, రాలేదు.

నేను గొట్టం తీసేసి ఆయన బకెట్లు నింపాను. వారం తిరిగేలోగా వెయ్యి మొక్కలు అయినకాడికి ఇచ్చేశాను. మిగిలినవాటికి ఒక్క పూటే పోస్తున్నాను. వాకిలి సిమెంటు ఇద్దరం గునపాలతో పగలగొట్టాం. రెండు డాబాల మీది వాన పాత బావిలో పడేలా అన్నయ్య గొట్టాలు బిగించాడు. ఎన్ని వానలకి నిండుతుందని అడిగితే, “నేనుండగా నిండకపోవచ్చు” అన్నాడు.

పని అయ్యాక భుజం మీది తాడు తీసి, రంగు తాళ్ళన్నీ కోసేశాడు. పసుపుది నా చేతిలో పెట్టాడు. మిగతావి వదిన బట్టలకి తీసుకుంది. నట్టు కట్టిన ఏడు బారల జనపతాడు మాత్రం బావి గట్టుకి కట్టి, “రోజూ వేసి చూడు. నట్టు తడిస్తే చెప్పు” అన్నాడు.

రోజూ పొద్దున్నే వేస్తున్నాను. గోడ అవతల అన్నయ్య పళ్ళు తోముకోవడం ఆపి వింటూ ఉంటాడు. రెండు చిన్న వానలు పడ్డాయి. నట్టుకి ఇంకా పొడి మట్టే అంటుకొస్తోంది.