మీ అబ్బాయిగారు కొట్టారండి

మా ప్రాంతంలో మనిషిని తిట్టినా చివర అండి తగిలిస్తారు. ఆ మర్యాద మా ఐదుగురికి మాత్రం దక్కలేదు. మమ్మల్ని తేడాగాళ్లు అనేవారు. మగవాళ్లమై పుట్టి మగవాళ్లని ఇష్టపడినందుకు, నడకలో కాస్త ఒయ్యారం ఉన్నందుకు, సినిమా హాలు దగ్గరా కాలవగట్టు మీదా ఎవడి చెయ్యి దురద పెడితే వాడు కొట్టేవాడు. అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు. పోలీసుల దగ్గరికి ఒక్కసారే వెళ్లాం. కంప్లయింట్ రాసుకోకుండా, ఏదీ ఒకసారి నడిచి చూపించండ్రా అన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు మాలో ఒకడు, లేడీస్ టైలర్, ఒక దారి చెప్పాడు. దెబ్బకి దెబ్బ తీసే బలం మనకి లేదు, వాళ్ల మర్యాదే వాళ్లకి వడ్డిద్దాం అన్నాడు. ఆనాటినుంచి మాలో ఎవరి మీద చెయ్యి పడినా, మర్నాడు పొద్దున్న పదింటికి అందరం తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, కొట్టినవాడి ఇంటికి వెళ్లేవాళ్లం. గేటు బయట నిలబడి ఇంటి పెద్దని పిలిచి, "మీ అబ్బాయిగారు మావాణ్ణి కొట్టారండి. ఎందుకో కనుక్కుందామని వచ్చామండి" అనేవాళ్లం. గొంతు పెంచకూడదు. రమ్మన్నా లోపలికి వెళ్లకూడదు. ఇకమీదట జరగదని మాట ఇచ్చేదాకా కదలకూడదు. మాట్లాడే పని నాది. జిరాక్స్ షాపులో కూర్చుని రోజంతా అండీ అండీ అని నా నోరు అప్పటికే అరిగిపోయి ఉండేది.

పెనుగొండ వైపు ఒక ఇంట్లో కొత్తకోడలు మాకు మంచినీళ్లిచ్చి, కొట్టిన మొగుణ్ణి బయటే వదిలి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. వాడు మళ్లీ మా వైపు చూడలేదు. దెబ్బలు తగ్గాయి. మమ్మల్ని మనుషులనుకుని మానలేదు వాళ్లు, వీధిలో నవ్వులపాలవుతామని మానారు. ఆ తేడా తెలిసే ఆ మాటలు పుచ్చుకున్నాం.

తర్వాత ఒక పెళ్లిళ్ల సీజన్లో టైలర్నే కొట్టారు. కుడిచెయ్యి విరిగింది. షాపు మూసుకుని ఊరొదిలి పొమ్మన్నారట. ఎవరింటికి వెళ్లాలని అడిగితే చెప్పడు. మూడోసారి అడిగాక, "మీ ఇంటికే" అన్నాడు. కొట్టింది మా అన్నయ్య.

ఈసారికి వదిలేద్దాం అన్నాడు టైలర్. నేను వదలనన్నాను. ఆ షాపు మళ్లీ తెరవాలంటే మా ఇంటి మాట కావాలి. నాన్న పోయాక ఇంటికి పెద్ద అమ్మే. పొద్దున్న అమ్మ పెట్టిన ఇడ్లీలు తిని, బయటికి వచ్చి, నలుగురితో కలిసి మా గేటు ముందే నిలబడ్డాను. అమ్మ వచ్చింది. అన్ని ఇళ్ల ముందూ గడగడా వాగిన నోటికి అక్కడ ఆ అండి రాలేదు. "అమ్మా, అన్నయ్య..." అని ఆగిపోయాను.

వరండాలోంచి అన్నయ్యే అందుకున్నాడు. నీకోసమే కొట్టాన్రా, వీళ్లతో తిరిగితే నీకు పిల్లనెవడిస్తాడు అన్నాడు. అమ్మ చుట్టుపక్కల ఇళ్ల వైపు ఒకసారి చూసి, మీ జోలికి ఇంకెవరూ రారు, షాపు తెరుచుకోండి అని టైలర్‌కి మాట ఇచ్చింది. నన్ను మాత్రం లోపలికి రమ్మంది.

వచ్చిన పని అయిపోయిందనుకున్నాను. లోపలికి వెళ్లడానికి గేటు మీద చెయ్యి వేశాను. టైలర్ ఎడమచేత్తో నన్ను ఆపాడు.

"ఇంకోటి ఉందండి," అన్నాడు అమ్మతో. "మీ పెద్దబ్బాయిగారు మీ చిన్నబ్బాయిగారిని కొడుతున్నారండి. ఎందుకో కనుక్కుందామని వచ్చామండి."

నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చొక్కాకి కొలతలు తీసేటప్పుడు, టేపు తగలగానే నా వీపు ముడుచుకోవడం చూసి ఉంటాడు. నా పదిహేనో ఏటినుంచీ అన్నయ్య బెల్టు తీసినప్పుడల్లా అమ్మ వంటింట్లో రేడియో పెంచేది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చలో గెలుస్తూ ఇంట్లో దెబ్బలు తింటున్నాను. ఊరందరి దగ్గరా మాట పుచ్చుకున్నవాణ్ణి, నాకోసం ఒక మాట అడగాలని నాకే తట్టలేదు. నామీద నాకే అసహ్యం వేసింది.

అది మా ఇంటి విషయం అంది అమ్మ. పరాయివాడికి నిమిషంలో మాట ఇచ్చిన మనిషి, నా విషయానికి తల తిప్పుకుంది.

టైలర్ కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని గేటు ముందు మట్టిలో కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ కూర్చున్నారు. ఎదురింటివాళ్లు బయటికి వచ్చారు. అన్నయ్య లోపలికి పోయాడు. నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. తిన్న దెబ్బలు నావి కాబట్టి అమ్మని నేనే అడిగాను.

"మాట ఇవ్వండి."