సుజన మేడమ్‌కు తెలియని మార్కులు

కొత్త నెట్‌వర్క్ కేబుల్ చుట్ట విప్పగానే వచ్చే ప్లాస్టిక్ వాసన నన్ను ఇప్పటికీ అమలాపురంలో ఒక ఫ్యాన్సీ షాపు మేడమీది గదిలోకి తీసుకుపోతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అక్కడి కంప్యూటర్ సెంటర్లో సుజన మేడమ్ కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కింగ్ నేర్పేవారు. ఆవిడకు రాజమండ్రి కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ప్రాక్టికల్ సర్టిఫికెట్ పరీక్ష నెగ్గితే ఆవిడ స్థానంలో నన్ను పెట్టుకుంటానని సెంటర్ యజమాని మూర్తిగారు మాటిచ్చారు. ముమ్మిడివరం గ్రంథాలయంలో దొరికిన కంప్యూటర్ పుస్తకాలన్నీ చదివేసిన నాకు ఆ కుర్చీ అప్పటికే నాదైనంత ధీమా.

"మార్కులు ఎలా వేస్తారు మేడమ్?" అని ఆవిడ దగ్గర నేర్చుకోవడానికి చేరిన మొదటిరోజే అడిగాను.

"సగం కట్టిన నెట్‌వర్క్ ఇస్తారండి. మిగతాది మనం కట్టాలి. ఆ తరవాత వాళ్ళు కావాలని పాడుచేసి పెట్టినవి వెతికి బాగుచెయ్యాలి. చివర్లో పనిచేస్తోందా లేదా అని చూస్తారు, అంతే. ఒక ప్రశ్నలో ముప్పాతిక సరిగ్గా చేసినా సున్నాయే."

"స్టెప్పులకి మార్కులుండాలి కదండీ. పుస్తకాల్లో..."

"ఇది టెన్త్ లెక్కల పేపరు కాదండీ బాబూ. నేను రెండుసార్లు రాసేను. ఒకసారి పోయింది, ఒకసారి వచ్చింది. రెండుసార్లూ ఒకేలా చేసేననే నా నమ్మకం."

హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదని తరువాత తెలిసింది.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. నెట్‌వర్కుకు దారి చూపే రౌటరు ఆదేశాల్లో ఒక్క లైను మార్చినా వెంటనే సేవ్ చేయాలి. ఆ మేడమీద కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సేవ్ చేయనిదంతా దానితోపాటే పోతుంది. మరిచిపోతే, "కరెంటోళ్ళు మీకు కబురు పెట్టి తీస్తారా ఏంటి?" అనేవారు. కొన్నాళ్ళకు నా వేళ్ళు నన్ను అడగకుండానే ఆ పని చేసేవి.

పరీక్ష హైదరాబాదులో, ఏసీ గదిలో. నా భాగం కట్టబోయి, వాళ్ళిచ్చిన నెట్‌వర్కులో బాగా పనిచేస్తున్న భాగాన్ని చెరిపేశాను. చెయ్యెత్తి పర్యవేక్షకుణ్ణి పిలిచాను.

"రౌటరు ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి. ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలా వచ్చేస్తుంది," అన్నాడాయన.

"సేవ్ చేసేశానండి."

"అప్పుడేనా? ఎందుకు?"

"కరెంటు పోతుందని."

ఆయన తలెత్తి వెలుగుతున్న దీపాలను చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

చెరిగిపోయినదాన్ని గుర్తున్నంత వరకు మళ్ళీ కట్టాను. చివరి ప్రశ్నలకు సమయం చాలలేదు. ఫెయిలయ్యాను. ఫలితాల కాగితం మీద ఒక్కో విభాగానికి ఒక్కో శాతం తప్ప కారణం ఒక్కటీ లేదు. నేను పాడుచేసి అతికించిన విభాగంలో దాదాపు అన్ని మార్కులూ వచ్చాయి. కళ్ళు మూసుకుని చేయగలననుకున్న విభాగంలో అన్నిటికన్నా తక్కువ.

ఆ కాగితం మూర్తిగారి ముందు పెట్టి, నేను చదివినవాటితో ఏవో కారణాలు అల్లబోయాను. మేడమ్ చేత్తో ఆగమన్నారు.

"ఈయనకి ఎందుకు పోయిందో నాకు తెలీదండి. మాటిమాటికీ సేవ్ చెయ్యమని నేర్పింది నేనే. దానివల్ల ఎన్ని మార్కులు పోయేయో, అసలు పోయేయో లేదో, అదీ తెలీదు. పిల్లలకి ఈయన పాఠం చెప్పగలరు. అది మాత్రం నేను చూసేను."

"ఇదేం లెక్కమ్మా? నాకేం అర్థం కాలేదు."

"ఆయ్. నాకూ కాలేదండి."

మూర్తిగారు ఆ కాగితాన్ని తిరగేసి వెనకవైపు కూడా చూశారు. అక్కడ ఏమీ లేదు. "సరే, సోమవారం నుంచి రమ్మనండి," అన్నారు.

తెలియదని చెప్పి ఒక మనిషికి ఉద్యోగం ఇప్పించవచ్చని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అది ఎలా జరిగిందో ఇప్పటికీ సరిగ్గా బోధపడదు. కానీ ఎవరేమడిగినా వెంటనే నోరు తెరిచే అలవాటు ఆ రోజుతో పోయింది. నాకు తెలిసింది ఎంతవరకో చూసుకుని అక్కడ ఆగుతాను. ఆ తరువాతది తెలియదని చెప్పేస్తాను.