జర్మనీ పాఠం చెప్పిన ఏడాది

డెబ్బై రెండులో నేను విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల కాలేజీలో కొత్తగా చేరిన చరిత్ర లెక్చరర్ని. అదే కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఆవిడతో కలిసి గోపాలపట్నంలో ఒక పెంకుటింటి వెనక వాటా అద్దెకి తీసుకున్నాను. ఆవిడది వరంగల్ దగ్గర పల్లె. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అని పిలిచేది.

ప్రత్యేకాంధ్ర ఉద్యమంతో కాలేజీలు మూతబడ్డాయి. రైళ్ళు ఆగిపోయాయి. అక్కకి ఊరెళ్ళే దారి లేకపోయింది. ఖాళీగా కూర్చోలేక నేను జర్మనీ ఏకీకరణ పాఠానికి నోట్సు రాసుకునేదాన్ని. చిన్నా పెద్దా ముప్పై తొమ్మిది రాజ్యాలు, ప్రష్యా ప్రధానమంత్రి ఎత్తులు, మూడు యుద్ధాలు, చివరికి ఫ్రెంచివాళ్ళ రాజభవనంలోనే జర్మన్ చక్రవర్తి ప్రకటన.

అక్క అది చదివి పెదవి విరిచింది. "అంతా లడాయేనా? సుంకాల ముచ్చట ఏది?"

"అదొక పేరాలో చెప్పేస్తానక్కా."

"అసలు సంగతే అది. నువ్వు ఇక్కడికెల్లి ఎండుచేపలు పట్టుకొని భీమిలి పోతున్నవనుకో. తోవల ఏడు గేట్లు, గేటు గేటుకు సుంకం. ఆ గేట్లన్నీ ఎత్తేసినంక కదా వాళ్ళకు ఒకరి అవసరం ఒకరికి ఎరుకైంది!"

గట్టు మీద చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న ఇంటి ఓనరమ్మ నవ్వింది. "ఏడు గేట్లు దాటొస్తే ఆ సేపలు ఎవులు కొంతారమ్మా!"

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నలుగురు కుర్రాళ్ళు వీధి గుమ్మంలోకి వచ్చారు. లోపలున్న ఎకనామిక్స్ మేడంది ఏ ఊరని అడిగారు. ఓనరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా సిన్నమ్మ కూతురు. మీకేటి పని? ఎల్లండి."

వెళ్ళిపోయారు. ఓనరమ్మ చేతులు పట్టుకుని అక్క ఏడ్చింది. భయంతో అనుకున్నాను. వంటగదిలోకి వచ్చాక అంది: "ఆమె మంచే చేసింది చెల్లె. కానీ నా ఊరి పేరు నేను దాచుకోవాల్సి వచ్చింది, చూసినవా?"

అంతకు ముందు వారం ప్రత్యేకాంధ్ర కావాలన్న ఊరేగింపులో నేనూ నడిచాను. అది అక్కకి తెలుసు. ఒక్కసారీ నన్ను నిలదీయలేదు.

రైళ్ళు మొదలవగానే ఆవిడ సెలవు పెట్టి వెళ్ళింది. తరవాత అటువైపే బదిలీ చేయించుకుంది.

కాలేజీ తెరిచాక పాఠం సుంకాలతోనే మొదలుపెట్టాను. వెనక బెంచీలో గాజువాక నుంచి బస్సులో వచ్చే పిల్ల లేచింది.

"మేడం, కలుస్తారా అని జనాన్ని ఎవరైనా అడిగారా?"

జనం ఎన్నుకున్న సభ ఒకటి ప్రష్యా రాజుకి కిరీటం ఇవ్వబోతే, కింది నుంచి వచ్చిన కిరీటం నాకక్కర్లేదన్నాడని చెప్పాను. ఇరవై ఏళ్ళు దాటాక ఆయన తమ్ముడు అలాంటి కిరీటాన్నే తోటి రాజుల చేతుల్లోంచి తీసుకున్నాడని కూడా చెప్పాను.

"మరి మ్యాపులో రెండు జర్మనీలున్నాయేంటి మేడం? మళ్ళీ కలుస్తాయా?"

"అది సిలబస్‌లో లేదు, కూర్చో," అన్నాను.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఆ మొహమే మనసులో పెట్టుకుని, ఆ పిల్ల అడిగిన ప్రశ్న గురించి అక్కకి ఉత్తరం రాశాను, ఊరేగింపు సంగతి కూడా మొదటిసారి ఒప్పుకుంటూ. పది రోజులకి జవాబొచ్చింది. ఊరేగింపు గురించి ఒక్క ముక్క లేదు. వాళ్ళమ్మ ఆరోగ్యం, కొత్త కాలేజీలో సుద్దముక్కల కరువు, చివర్న ఒక వాక్యం: "నీకు తెల్వదని ఆ పిల్లకు చెప్పు, తప్పేం లేదు."

మర్నాడు క్లాసులో ఆ పిల్లని లేపి, నాకు తెలియదని చెప్పాను. తెలియదు కాబట్టి ఇద్దరం కలిసి చదువుదామన్నాను. లైబ్రరీకి రమ్మంటే ఆ సాయంత్రం బస్సు వదులుకుని మరీ వచ్చింది.